నెబ్బియోలో: గ్లాసులో గుర్తుపట్టడం, సీసా ఎంచుకోవడం, సరిగ్గా వడ్డించడం

బరోలో సీసా మొదటిసారి తెరిచినవాళ్లు గ్లాసు చూసి అనుమానపడతారు. పేరున్న వైన్, ధర కూడా గట్టిదే, తీరా పోస్తే రంగు పలచన. సీసా పాడైందేమో, నకిలీదేమో అనుకుంటారు. ఒక గుక్క తాగేసరికి చిగుళ్లు బిగుసుకుపోయేంత వగరు, ఆ వెనకే నోరూరించే పులుపు. రంగుకీ రుచికీ పొంతన లేని ఈ తీరే నెబ్బియోలో ద్రాక్షకు ఆనవాలు. ఇటలీ వాయవ్యంలోని పీడ్‌మాంట్‌లో, ఆల్బా పట్టణం చుట్టూ పరుచుకున్న లాంగె కొండల్లో ఈ ద్రాక్ష తన అసలు రూపం చూపిస్తుంది. బరోలో, బార్బరెస్కో అనే రెండు ప్రఖ్యాత వైన్లనూ పూర్తిగా దీనితోనే చేస్తారు.

నెబ్బియోలో నచ్చలేదనేవాళ్లలో చాలామంది దాన్ని మరీ చిన్న వయసులో, మరీ వెచ్చగా, పక్కన తిండి లేకుండా తాగి ఉంటారని మా గట్టి నమ్మకం. ఈ మూడూ తప్పించుకోగలిగినవే. అందుకు ముందు ద్రాక్షను తెలుసుకోవాలి.

రంగుతో మొదలుపెట్టండి

గ్లాసులో 60 మి.లీ. దాకా పోయండి. బల్ల మీద అచ్చు కాగితం పరిచి, దాని మీదుగా గ్లాసును 45 డిగ్రీలు వంచండి. వైన్ లోతుగా ఉన్న మధ్యభాగం గుండా అక్షరాలు కనిపిస్తున్నాయా? నెబ్బియోలో అయితే సాధారణంగా కనిపిస్తాయి. ఇప్పుడు అంచు చూడండి. నాలుగైదేళ్ల వైన్‌కే అంచు నారింజ వైపు తిరిగి ఉంటుంది. పదేళ్లు దాటితే ఇటుక రంగు లోపలికి పాకుతుంది.

దీనికి కారణం తొక్కలోని రంగు పదార్థాల్లో ఉంది. ఎర్ర వైన్ రంగు ఆంథోసయనిన్లనే పదార్థాల వల్ల వస్తుంది. కాబర్నే సొవిన్యో, సిరా లాంటి రకాల్లో వీటిలో ఎక్కువ భాగం మాల్విడిన్ రకం. అది నిలకడైనది, గాలి తగిలినా తొందరగా చెదరదు. నెబ్బియోలో తొక్కలో మాత్రం పియోనిడిన్, సయనిడిన్ రకాల వాటా ఎక్కువ. ఇవి ఆక్సిజన్‌కు తేలిగ్గా లొంగిపోతాయి. పులియబెట్టే దశలోనే కొంత రంగు పోతుంది, పీపాలో ఉండగా ఇంకొంత పోతుంది. కాబట్టి ఐదేళ్ల బరోలోకు నారింజ అంచు ఉంటే అది ముసలితనమూ కాదు, లోపమూ కాదు.

దేన్ని లోపమనుకోవాలి? అంచే కాకుండా మధ్యభాగం కూడా మురికి గోధుమ రంగుకు తిరిగి, మెరుపు పోతే అప్పుడు అనుమానించండి. రెండో వైపు నుంచి కూడా జాగ్రత్త అవసరం. వైన్ చిక్కటి ఊదాగా, అక్షరం కనపడనంత నల్లగా ఉంటే అందులో వేరే ద్రాక్ష కలిసి ఉండొచ్చు. లాంగె నెబ్బియోలో అనే తరగతిలో 15 శాతం దాకా ఇతర రకాలు కలపడానికి నిబంధనలే ఒప్పుకుంటాయి. బరోలో, బార్బరెస్కోలలో అలా కలపకూడదు.

వాసన

గ్లాసును తిప్పకముందు ఒకసారి, నాలుగైదు సార్లు తిప్పాక మరోసారి వాసన చూడండి. రెండింటికీ తేడా ఎక్కువగా ఉండే ద్రాక్షల్లో ఇది ఒకటి. వయసు తక్కువగా ఉన్నప్పుడు గులాబీ, పుల్లటి ఎర్ర చెర్రీ, నారింజ తొక్క ముందుకొస్తాయి. గాలి తగిలేకొద్దీ తారు, అతిమధురం, ఎండు మూలికలు బయటపడతాయి. పదేళ్లు దాటాక గులాబీ ఎండు రేకుల వైపు వెళుతుంది, పుట్టగొడుగులు, తడిసిన ఆకులు, తోలు వాసనలు చేరతాయి. గులాబీ, తారు అనే జంట ఈ వైన్ గురించి ఎక్కడ చదివినా కనపడుతుంది. ప్రతి సీసాలో రెండూ సమానంగా ఉండవు. బరోలో ప్రాంతపు గ్రామాల్లో లా మోర్రా వైపు వైన్లలో పూల వాసన ముందుంటుంది, సెర్రలుంగా వైపు వైన్లలో తారు, లోహపు ఛాయ బలంగా ఉంటాయి.

వెనిలా, కొబ్బరి, కాఫీ వాసనలు మిగతావాటిని మింగేస్తుంటే అది ద్రాక్ష వాసన కాదు, కొత్త ఓక్ పీపాది. కొన్నేళ్లకు అది కొంత సర్దుకుంటుంది. కానీ మొదటిసారి నెబ్బియోలో నేర్చుకుంటున్నవాళ్లు అలాంటి సీసాతో మొదలుపెట్టకపోవడమే మంచిది.

వగరును చదవడం

అసలు విషయం ఇక్కడుంది. 10 నుంచి 15 మి.లీ. నోట్లోకి తీసుకుని, ఐదారు సెకన్లు చిగుళ్లకూ బుగ్గల లోపలికీ తగిలేలా తిప్పి మింగండి. తర్వాత నాలుకను పై చిగురు మీద జరపండి. నేరేడు పండ్లు తిన్నాక నాలుక పట్టేసినట్టు గరుకుగా, పొడిగా అనిపిస్తుంది. వగరునిచ్చే టానిన్లనే పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని గడ్డకట్టించడంతో నోటి జారుడుతనం పోయి ఈ అనుభూతి కలుగుతుంది. నెబ్బియోలోకు తొక్కలోనూ, గింజలోనూ టానిన్ సమృద్ధిగా ఉంటుంది. రంగు ఇచ్చే పదార్థాలు వేరు, వగరు ఇచ్చే పదార్థాలు వేరు. అందుకే లేత రంగును చూసి వైన్ మెత్తగా ఉంటుందని అనుకోకూడదు.

వగరు ఎంత ఉందన్నదానికంటే ఎలాంటిదన్నది ముఖ్యం. పండిన వగరు చిగుళ్ల పొడవునా సమానంగా పరుచుకుని, ఒక ముక్క మాంసమో, చీజో తినగానే కరిగిపోతుంది. పచ్చి వగరు నాలుక వెనక చేదుగా నిలబడుతుంది, తిండి తిన్నా వదలదు. మొదటిదానికి వయసు మందు. రెండోదాన్ని ఎన్నేళ్లు దాచినా బాగుపడదు, ఎందుకంటే అది గింజ పండకముందే కోసిన ద్రాక్ష తెచ్చిన లోపం.

మింగాక పది సెకన్లు ఆగండి. నాలుక పక్కల నుంచి నీరు ఊరుతుంటే అది పులుపు. నెబ్బియోలోలో వగరు, పులుపు రెండూ ఎక్కువే. ఆల్కహాల్ సాధారణంగా 13.5 నుంచి 15 శాతం మధ్య ఉంటుంది. ఇవి మూడూ కలిసి ఈ వైన్‌ను దశాబ్దాలు నిలబెడతాయి. చిన్న వయసులో కరుగ్గా అనిపించేలా చేసేవీ ఇవే.

పోలిక ఉన్న రకాలతో పొరపడకుండా ఒక మాట. పీనో న్వార్ రంగులో దీనికి దగ్గరగా ఉంటుంది, వగరులో మాత్రం చాలా తేలిక. కళ్లు మూసుకుని తాగితే ఈ రెండింటినీ కలగలపడం కష్టం. టస్కనీ సాంజొవేసెలో పుల్లటి చెర్రీ, పులుపు రెండూ ఉంటాయి కాబట్టి అక్కడ నిజంగానే తికమక వస్తుంది. వగరు చిగుళ్లను పూర్తిగా కప్పేస్తోందా, గులాబీ వాసన ఉందా అని చూసుకోండి, రెండూ ఉంటే నెబ్బియోలో వైపు మొగ్గండి. దక్షిణ ఇటలీ ఆల్యానికోకు వగరు సమానంగా ఉన్నా రంగు బాగా ముదురు.

తోటలో ఏం జరుగుతుంది

ఈ లక్షణాలన్నీ ఒక ఇబ్బంది నుంచి పుట్టాయి. నెబ్బియోలో అందరికంటే ముందు చిగురిస్తుంది, అందరికంటే చివర పండుతుంది. ఏప్రిల్‌లో చిగురు వేస్తే మంచు దెబ్బ భయం. సంప్రదాయంగా కోత అక్టోబరులో, లాంగె లోయల్లో పొగమంచు దిగే రోజుల్లో. అప్పటికి శరదృతువు వానలు ముంచుకొస్తాయి. ఇటీవలి వేడి సంవత్సరాల్లో కోత సెప్టెంబరు చివరికి కూడా జరుగుతోంది. ఈ పొడవాటి కాలంలో పగటి ఎండకు చక్కెర పెరుగుతుంది, చల్లటి రాత్రులు పులుపునూ వాసననూ కాపాడతాయి, గింజకూ తొక్కకూ పండే సమయం దొరుకుతుంది. ఒక వారం ముందు కోస్తే వగరు పచ్చిగా మిగులుతుంది. కోయబోయే ముందు ద్రాక్షను నోట్లో చిదిమి గింజ చూస్తారు. అది గోధుమ రంగులో ఉండి, కొరికితే పెళుసుగా విరగాలి. పచ్చగా, మెత్తగా ఉంటే ఇంకా ఆగాలి.

ఇంత ఆలస్యంగా పండే తీగకు ఎండ ఎక్కువ తగిలే వాలు కావాలి. అందుకే దక్షిణం, నైరుతి వైపు తిరిగిన వాలుల మధ్యభాగాలు నెబ్బియోలోకే ఇస్తారు. చలికాలంలో మంచు ముందుగా కరిగే వాలును ఆ ప్రాంతంలో సోరీ అంటారు, సీసా మీద ఆ మాట కనిపిస్తే అర్థం ఇదే. చల్లటి పక్కల్లో బార్బెరా, డొల్చెత్తో అనే వేరే ద్రాక్ష రకాలు వేస్తారు, లోయ అడుగున వైన్ ద్రాక్ష బదులు వేరే పంటలు ఉంటాయి. బరోలో నిబంధనల ప్రకారం తోట సముద్రమట్టానికి 170 నుంచి 540 మీటర్ల మధ్య ఉండాలి, నేరుగా ఉత్తరానికి తిరిగిన వాలు పనికిరాదు.

కత్తిరింపు కూడా ఈ రకానికి ప్రత్యేకం. కొమ్మ మొదట్లోని రెండు మూడు మొగ్గలు గుత్తి ఇవ్వవు. రెండేసి మొగ్గలు మాత్రమే వదిలే పొట్టి కత్తిరింపు చేస్తే ఆకులే తప్ప పంట ఉండదు. అందుకని గుయో పద్ధతిలో ఒక పొడవాటి కొమ్మను 8 నుంచి 10 మొగ్గలతో వదిలి కంచె తీగెకు అడ్డంగా కడతారు, పక్కన వచ్చే ఏడాదికోసం ఒక చిన్న కొమ్మ ఉంచుతారు. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్షను పందిరికి ఎక్కించడం చూసినవాళ్లకు ఈ తోటలు వేరుగా కనిపిస్తాయి, ఇక్కడ తీగలన్నీ తీగె కంచెల మీద నిటారుగా వరుసల్లో ఉంటాయి. నెబ్బియోలో ఏపుగా పెరిగే రకం కనుక వేసవంతా కొసలు తుంచాలి, జులై, ఆగస్టుల్లో అదనపు గుత్తులు కోసి నేల మీద వదిలేయాలి. బరోలోకు హెక్టారుకు 8 టన్నులకు మించి పండించకూడదు. పంట ఎక్కువ ఉంచితే రంగు ఇంకా పలచబడటంతోపాటు వగరు పచ్చిగా మిగులుతుంది.

నేల విషయానికొస్తే, బరోలో ప్రాంతం పడమటి సగంలో, అంటే లా మోర్రా, బరోలో గ్రామాల వైపు నీలి బూడిద ఛాయ ఉన్న సున్నపు బంకమన్ను. వైన్లు కాస్త ముందుగా మెత్తబడతాయి, వాసన ధారాళం. తూర్పున సెర్రలుంగా దాల్బా, మోన్‌ఫోర్తె దాల్బాలో కొంత భాగం వైపు నేల మరింత పాతది, ఇసుకరాయి పొరలు ఉన్నది. అక్కడి వైన్లకు వగరు గట్టిగా ఉంటుంది, ఎక్కువేళ్లు ఆగాలి. మధ్యలో ఉన్న కస్తిల్యోనె ఫల్లెత్తోకు రెండు వైపుల గుణాలూ కొంత కొంత వచ్చాయి. ఇది మొరటు విభజనే, అయినా సీసా కొనేటప్పుడు బాగా పనికొస్తుంది.

పీపాల గదిలో

తొక్కలతో కలిపి ఎన్ని రోజులు ఉంచారు, ఏ పీపాలో ఎన్నేళ్లు ఉంచారు అనే రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే వైన్ తీరు చాలావరకు తెలుస్తుంది. సంప్రదాయ పద్ధతిలో 28 నుంచి 32 డిగ్రీల వేడిలో పులియబెట్టి, పైకి తేలే తొక్కలను చెక్కలతో అడుగుకు అదిమిపెట్టి నెల రోజులు, కొన్నిచోట్ల రెండు నెలల దాకా వైన్‌లోనే ఉంచుతారు. తర్వాత వేల లీటర్లు పట్టే పెద్ద పాత స్లావోనియన్ ఓక్ పీపాల్లోకి మారుస్తారు. పీపా పెద్దది కావడంతో వైన్‌కు తగిలే చెక్క తక్కువ, లోపలికి వచ్చే గాలి నిదానం. టానిన్లు ఒకదానితో ఒకటి కలిసి నెమ్మదిగా నునుపవుతాయి, చెక్క రుచి మాత్రం పెద్దగా చేరదు.

1980, 90 దశకాల్లో కొందరు తయారీదారులు దీన్ని తిరగేశారు. తొక్కలతో వారం పదిరోజులే ఉంచి, 225 లీటర్ల కొత్త ఫ్రెంచ్ పీపాలు వాడి, త్వరగా తాగగలిగే ముదురు వైన్ తీశారు. ఆ వాదం చాలా ఏళ్లు సాగింది. ఇప్పుడు ఎక్కువమంది మధ్యదారిలో ఉన్నారు. మా మొగ్గు మాత్రం పెద్ద పీపా వైపే, ఎందుకంటే గులాబీ వాసన సున్నితమైనది, కొత్త చెక్క ముందు అది నిలవదు.

చీటీ చదివి కొనడం

బరోలో, బార్బరెస్కో సీసాల మీద మామూలుగా నెబ్బియోలో అన్న మాటే ఉండదు. ఊరి పేరే ద్రాక్షకు గుర్తు. బరోలో ప్రాంతంలో 11 గ్రామాలున్నాయి. బార్బరెస్కోలో బార్బరెస్కో, నెయివె, త్రెయిజోతో పాటు ఆల్బా పరిధిలోని కొంత భాగం. రెండింటికీ 1980లో ఇటలీలోని అత్యున్నత హామీ హోదా వచ్చింది. సీసా మెడ మీద వరుస సంఖ్యతో ప్రభుత్వ కాగితపు పట్టీ ఉండాలి.

సంవత్సరం ఇలా లెక్కేయండి. బరోలోను కోసిన ఏడాది నవంబరు 1 నుంచి 38 నెలలు ఉంచాలి, అందులో 18 నెలలు చెక్క పీపాలో. అంటే 2021 ద్రాక్షతో చేసిన బరోలో 2025 జనవరికి ముందు అమ్మకానికి రాకూడదు. రిజర్వ అని రాసి ఉంటే 62 నెలలు. బార్బరెస్కోకు 26 నెలలు, పీపాలో 9. రిజర్వకు 50 నెలలు. ఈ లెక్కకు కుదరని సంవత్సరం చీటీ మీద కనిపిస్తే కొనకండి.

కన్నూబి, బ్రునాతె, బుస్సియా, విన్యా రియోండా, అసీలి, రబయా లాంటి పేర్లు తోటల హద్దులు. బరోలోలో 2010 నుంచి ఇవి అధికారికంగా గుర్తించినవి, గ్రామాల పేర్లతో కలిపి 181. బుస్సియా చాలా పెద్దది, దానిలో అన్ని మూలలూ ఒకేలా ఉండవు, కాబట్టి తోట పేరొక్కటే చూసి ఎక్కువ ధర పెట్టకండి. తయారీదారు పేరుకే మొదటి విలువ.

చవకలో నేర్చుకోవాలంటే లాంగె నెబ్బియోలోతో మొదలుపెట్టండి. మంచి తయారీదారులు చిన్న వయసు తీగల ద్రాక్షను, బరోలోకు సరిపోదనుకున్న పీపాలను ఇందులోకి దింపుతారు. తానారో నదికి అవతల ఇసుక నేలల్లోని రొయేరో కూడా మెత్తగా ఉంటుంది. ఇంకా ఉత్తరాన గత్తినార, గెమ్మెలలో ఇదే ద్రాక్షను స్పన్న అంటారు. లొంబార్డీలోని వల్తెల్లీనాలో, రాతి గోడలు కట్టిన కొండ మెట్ల మీద పండేదాన్ని కియావెన్నస్క అంటారు. ఆల్ప్స్ దగ్గరి ఈ వైన్లు ఇంకా పలచగా, పుల్లగా ఉంటాయి, బరోలో కంటే తక్కువ ధరకే దొరుకుతుంటాయి. ఒక పొరపాటు తరచూ జరుగుతుంది: బరోలో కినాతో అని రాసి ఉన్నది మామూలు బరోలో కాదు, సింకోనా బెరడు, మసాలా దినుసులు, చక్కెర చేర్చిన తియ్యటి పానీయం. భోజనంతో కాకుండా భోజనం తర్వాత తాగేది.

సంవత్సరాల్లో 2010, 2013, 2016 నిదానంగా పండినవి, ఎక్కువ కాలం దాచుకోవడానికి అనువైనవి. 2017 వేడి ఏడాది, వైన్లు ముందే మెత్తబడ్డాయి. 2014 వానల ఏడాది, తేలికపాటి వైన్లు, తయారీదారును చూసి కొనాలి. వేడి ఏడాది చెడ్డదేమీ కాదు. ఈ వారమే తెరవాలనుకుంటే అదే సరైన ఎంపిక.

దాచడం, తెరవడం

దాచడానికి 12 నుంచి 14 డిగ్రీలు, చీకటి, కదలిక లేని చోటు కావాలి. సీసా పడుకోబెట్టి ఉంచాలి. మన ఊళ్లలో వేసవిలో 35 డిగ్రీలు దాటే గదిలో అలమరలో పెట్టిన బరోలో ఒక్క వేసవికే ఉడికిపోతుంది. కార్క్ కొంచెం పైకి పొడుచుకొచ్చినా, మెడ చుట్టూ జిగట కారినా అది వేడికి గురైన సీసా. వైన్ ఫ్రిజ్ లేకపోతే ఏళ్లతరబడి దాచుకునే ఆలోచన మానుకుని, తాగే వయసుకొచ్చిన సీసానే కొనండి. లాంగె నెబ్బియోలోకు కోత నుంచి మూడు నుంచి ఆరేళ్లు, బార్బరెస్కోకు ఆరు నుంచి పదిహేను, బరోలోకు ఎనిమిది నుంచి ఇరవై, మంచి ఏడాదైతే ఇంకా ఎక్కువ.

వడ్డించే వేడి 16 నుంచి 18 డిగ్రీలు. 30 డిగ్రీల గదిలో ఉన్న సీసాను ఫ్రిజ్‌లో ఒకటిన్నర నుంచి రెండు గంటలు ఉంచాలి, అరగంట ఏ మాత్రం చాలదు. తొందరగా కావాలంటే ఐసూ నీళ్లూ సగంసగం నింపిన బకెట్‌లో 12 నుంచి 15 నిమిషాలు. గది వేడిగా ఉంటే 15 డిగ్రీల దగ్గరే పోయడం మొదలుపెట్టండి, గ్లాసులో అదే పెరుగుతుంది. 20 డిగ్రీలు దాటితే ఆల్కహాల్ ముక్కును పొడుస్తుంది, 13కు దిగితే వగరు రెండింతలైనట్టు అనిపించి వాసన మూసుకుపోతుంది. గ్లాసు పెద్ద పొట్టతో, కనీసం 600 మి.లీ. పట్టేది కావాలి. అందులో మూడోవంతుకు మించి పోయకండి.

పదేళ్లలోపు బరోలోను డికాంటర్ అనే వెడల్పాటి గాజు పాత్రలోకి ఒంపి రెండు మూడు గంటలు ఉంచితే వాసన తెరుచుకుంటుంది. వగరు నిజానికి పెద్దగా తగ్గదు, పండు రుచి ముందుకొచ్చి దాన్ని మరిపిస్తుంది. కార్క్ తీసి సీసాను అలాగే వదిలేయడం వల్ల ఉపయోగం దాదాపు లేదు, మెడలో ఉన్న రూపాయి బిళ్లంత ఉపరితలానికే గాలి తగులుతుంది.

ఇరవై ఏళ్లు దాటిన సీసాకు పద్ధతి వేరు:

1. ఒక రోజు ముందే నిలబెట్టండి. మడ్డి అడుగుకు దిగాలి.
2. పాత కార్క్ స్క్రూకు పొడైపోతుంది. రెండు సన్నని పలకలుండే కార్క్ తీసే పరికరాన్ని పక్కల నుంచి దించి, మెల్లగా తిప్పుతూ లాగండి.
3. సీసా మెడ కింద టార్చ్ వెలుగు పెట్టి, ఆగకుండా ఒకే ధారగా డికాంటర్‌లోకి ఒంపండి. మెడలోకి మడ్డి చార కనిపించగానే ఆపండి. అడుగున 40, 50 మి.లీ. పోయినా చింతించకండి, మడ్డి చేదు.
4. వెంటనే వడ్డించండి. ఈ వయసు వైన్‌కు గంటల తరబడి గాలి తగిలితే వాసన ఎగిరిపోతుంది.

నోట్లో పెట్టకముందే లోపాలు పట్టుకోవచ్చు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ కాలుష్యం, ఎంతసేపు ఆగినా పోదు, దుకాణానికి తిరిగి ఇవ్వండి. ఉడికించిన పండు, జామ్ వాసన వస్తే వేడి తగిలింది. గోళ్ల రంగు వాసన లీలగా ఉంటే సంప్రదాయ బరోలోలో కొందరు సహిస్తారు, ముందుకొచ్చి నిలబడితే లోపమే. తారు వాసన మాత్రం లోపం కాదు. దాన్ని చూసి సీసా వాపసు ఇచ్చేవాళ్లున్నారు, పాపం ఆ వైన్ తన పని తాను చేసింది.

మూడు గ్లాసుల పరీక్ష

ద్రాక్ష గురించి ఎంత చదివినా మూడు సీసాలు పక్కపక్కన పెట్టి తాగినంత తెలియదు. నలుగురైదుగురు కలిసి కొంటే ఖర్చు పంచుకోవచ్చు. మూడేళ్ల లాంగె నెబ్బియోలో, ఏడెనిమిదేళ్ల బార్బరెస్కో, పన్నెండేళ్లు దాటిన బరోలో తీసుకోండి. వీలైతే మూడూ ఒకే తయారీదారువి అయితే పీపా తేడాలు అడ్డురావు. ఒక్కొక్కరికి 60 మి.లీ. చొప్పున, ఆ వరుసలోనే పోయండి. ముందు మూడింటి అంచు రంగులు పోల్చండి. వాసన చూడండి, ఏమీ తినకుండా ఒక్కో గుక్క తాగి వగరు చిగుళ్లలో ఎక్కడ పట్టిందో రాసుకోండి. ఇప్పుడు ఒక ముక్క పార్మిజియానో చీజ్ తిని మళ్లీ తాగండి. చిన్న వయసు వైన్లో వగరు ఎంత మారిందో ఆ రెండో గుక్కలో తెలుస్తుంది. గంట తర్వాత మూడోసారి చూడండి. మొదట మూసుకుని ఉన్న బరోలో అప్పటికి మాట్లాడటం మొదలుపెడుతుంది.

ఏ తిండితో

పీడ్‌మాంట్ వంట ఈ వైన్ చుట్టూనే అల్లుకుంది. గుడ్డు పచ్చసొనలతో చేసే సన్నటి తయరీన్ నూడుల్స్ మీద వెన్న, శరదృతువులో ఆల్బా తెల్ల ట్రఫుల్, వైన్‌లోనే గంటల తరబడి ఉడికించిన గొడ్డు మాంసం, కస్తెల్మాన్యో చీజ్. అన్నింటిలోనూ ఉన్నవి కొవ్వు, ప్రోటీన్. టానిన్ నోటి ప్రోటీన్‌ను వదిలి తిండిలోని ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, పులుపు కొవ్వును కోస్తుంది.

ఈ లెక్కనే మన వంటలకూ వాడుకోవచ్చు. హైదరాబాదీ హలీం చక్కగా కుదురుతుంది: మెత్తటి మాంసం, గోధుమ, నెయ్యి, మిరపకారం తక్కువ. మిరియాలతో వేయించిన మటన్, వెన్నలో వేయించిన పుట్టగొడుగులు కూడా బాగుంటాయి. ఎండుమిర్చి కారం మాత్రం వద్దు. ఆల్కహాల్, వగరు రెండూ కారం మంటను పెంచుతాయి, వైన్ రుచి పూర్తిగా పోతుంది. గోంగూర మాంసంలో కారానికి తోడు పులుపు కూడా ఎదురవుతుంది. చేపల పులుసుతో ఈ వైన్ తాగితే నోట్లో ఇనుము రుచి రావచ్చు. తీపి వంటకం తర్వాత తాగితే ఏ నెబ్బియోలో అయినా చేదుగా ఉంటుంది.

సీసాలో సగం మిగిలితే కార్క్ బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, మర్నాడు గంట ముందు బయట పెట్టి పోయండి. ఐదారేళ్ల బరోలో చాలాసార్లు రెండోరోజే బాగుంటుంది, మూడోరోజుకు పండు రుచి సన్నగిల్లుతుంది. ఇరవై ఏళ్ల సీసాను మాత్రం మిగల్చకుండా ఆ పూటే ముగించాలి.